సున్నా కన్నా పలచని గాలి

ష్వే బిచెన్ చేసే ఉద్యోగమేమిటో చియాతింగ్ ఊరివారిలో ఒక్కరికైనా సరిగా బోధపడలేదు. తాయ్‌నాన్ నగరపు పొలిమేరలో, ఫ్యాక్టరీల నడుమనున్న ఒక చిన్న కార్యాలయానికి ఆమె రోజూ స్కూటరు మీద వెళ్ళివస్తుందనీ, అక్కడ కంప్యూటరు ముందు కూర్చుని రంగురంగుల బొమ్మలు తయారుచేస్తుందనీ మాత్రమే వారెరుగుదురు. ఆమె తండ్రి త్యెన్‌లై యౌవనమంతా సముద్రం మీద వలలు లాగి, ఒడలు సడలిన తరువాత ఊరివారు ప్రభువని పిలిచే దేవుని గుడి వాకిట కాగితాల కొలిమి దగ్గర సేవకు కుదిరినవాడు. భక్తులు తెచ్చిన బంగారు పూత కాగితాల కట్టలను అందుకుని, విడదీసి, ప్రభువుకూ పోయిన పెద్దలకూ పైలోకపు డబ్బుగా చేరేలా మంటలో వేయడం అతని పని. కూతురి ఉద్యోగమేమిటని ఎవరైనా అడిగితే, "మా అమ్మాయి గాలికి లెక్కలు చూస్తుంది" అని ఒక్క ముక్కలో తేల్చేవాడు.

"గాలి లెక్కలు చూసేవాళ్ళకి కూడా జీతాలిస్తారటయ్యా?" అని వీధి మలుపులో చేపగంజి అమ్మే ఆలియెన్ నవ్వేది. "ఇచ్చేటట్టయితే నన్నూ పెట్టుకోమను. మా ఆయన గురకలో వచ్చే గాలికి పెళ్ళయినప్పట్నించీ లెక్కలు చూస్తూనే ఉన్నాను."

త్యెన్‌లై చెప్పినది అబద్ధం కాదు. వేడెక్కిన గాలి పలచబడి పైకి లేస్తుంది. చల్లని గాలి వచ్చి ఆ చోటును నింపుతుంది. ఫ్యాన్లు లేని చోట, యంత్రాలూ విద్యుత్ పెట్టెలూ ఈ ఒక్క కదలికను నమ్ముకునే చల్లబడాలి. పెట్టెకు రంధ్రాలెక్కడ ఉండాలి, ఎంత వెడల్పున ఉండాలి, లోపలి వేడి ఏ దారిన బయటపడుతుంది అన్న సంగతులను, ఆ పెట్టె ఇంకా పుట్టకముందే, కంప్యూటరులో గాలిని నడిపించి చూసి చెప్పడం బిచెన్ వృత్తి. నలభయ్యో పడి సగం దాటినా ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడగడం కూడా ఊరు ఎప్పుడో మానేసింది. పనిలో ఆమె జాగ్రత్త పేరుపొందినది. ఇంట్లో గ్యాసు మూసి, గడప దాటి, మళ్ళీ వెనక్కు వచ్చి ఒకసారి చూసుకుని గాని స్కూటరు తీసేది కాదు.

అటువంటి మనిషికి ఆ పొరపాటు జరిగింది.

ఆ ఏడు తుపానులో గుడి పాత కొలిమి నిలువునా బీటలిచ్చింది. కొత్తది కట్టించాలని గుడి సంఘం తీర్మానించింది. సంఘానికి అధ్యక్షుడు కువో వాన్‌శీ. రేవులో మంచు ఫ్యాక్టరీ యజమాని. బొజ్జ, నిండు నవ్వు, ఎంత దూరం నుంచి పిలిచినా చెవి పక్కనే పిలిచినట్టుండే గొంతు. అతడు ఒక ఉదయం ఆలియెన్ అంగడిలో గంజి తాగుతున్న బిచెన్ ఎదుట వచ్చి కూర్చున్నాడు.

"అమ్మాయ్, గాలికి లెక్కలు చూస్తావటగా. ఎవరెవరి పెట్టెలకో చూస్తావు, మన ప్రభువు కొలిమికి చూడవా?"

"ఏం చూడమంటారు బాబాయ్?"

"పొగగొట్టం ఎంతెత్తుండాలో చెప్పు. అంతే. పాతది ఎప్పుడూ ముక్కులోకే ఊదేది. కానీ ఒక్క మాట. గుడి కప్పు మీద డ్రాగన్ తోక ఉందే, దాన్ని మించి పోకూడదు. ప్రభువు నెత్తిమీద పొగగొట్టం పెట్టారన్న మాట నా హయాంలో రానివ్వను."

"గాలి మీ హయాం చూసి నడవదు బాబాయ్."

"నడుస్తుందిలే, నువ్వు చెబితే. చిన్నప్పుడు నీకు మా ఫ్యాక్టరీలో ఎన్ని మంచు ముక్కలు పెట్టాను! ఆ రుణం తీర్చుకో."

ప్రభువు సేవ గనుకనూ, ఆ కొలిమి నోటి ముందు నిలబడేవాడు తన తండ్రే గనుకనూ, బిచెన్ సంతోషంగా ఒప్పుకున్నది. సెలవు దినాలలో ఇంటి మేడగదిలో కూర్చుని కొలిమిని కంప్యూటరులో కట్టింది. ఇటుక గోడలు, నోరు, నోటి మీది దూలం, పొగగొట్టం అన్నీ అమరిన తరువాత, కొలతకు ఆధారంగా నోటి ముందు ఒక మనిషి బొమ్మను కూడా నిలబెట్టింది. ఆ బొమ్మ ఎత్తు త్యెన్‌లై ఎత్తే.

ఇక్కడ ఆమె వృత్తిలోని ఒక అలవాటును చెప్పుకోవాలి. గాలి లెక్క మొండిది. మొదటనే నిజమైన నియమాన్ని దాని నెత్తిన పెడితే, అంకెలు అల్లకల్లోలమై లెక్క చెదిరిపోతుంది. అందుచేత ఆ పనివారు ముందుగా ఒక అడ్డదారి పడతారు. వేడి పెరిగినకొద్దీ గాలి సాంద్రత ఒక తిన్నని గీత వెంబడి తగ్గుతూ పోతుందని అనుకుంటారు. గోరువెచ్చని పెట్టెలలో ఆ అనుకోలు నిజానికి చాలా దగ్గరగా ఉంటుంది. లెక్క ఆ దారిన కుదుటబడిన పిమ్మట, వేడి తీవ్రమైన చోట్ల, గీతను తీసివేసి వాయువు అసలు నియమాన్ని పెట్టి రెండవసారి నడిపిస్తారు. మొదటి నడక రెండవదానికి ఊతమే గాని ఫలితం కాదు. ఇది బిచెన్‌కు వెన్నతో పెట్టిన విద్య. కొత్తగా పనిలో చేరినవారికి ఆమె స్వయంగా నేర్పినది.

మొదటి నడక ఆ సాయంకాలమే కుదుటబడింది. బొమ్మ కన్నులపండువుగా ఉన్నది. చుట్టూ ఉన్న చల్లని గాలి కొలిమి నోటిలోకి ఏరులా పారుతున్నది. పొగ అంతా గొట్టంలో నిటారుగా ఎగసి పోతున్నది. గొట్టం డ్రాగన్ తోకకు దిగువనే ఆగింది. ఆ బొమ్మను చూస్తుండగానే వాన్‌శీ ఫోను చేశాడు.

"అమ్మాయ్, రేపు పొద్దున మంచి ఘడియ ఉంది. ప్రభువుని అడిగేస్తున్నాం. ఎత్తు ఎంత?"

బిచెన్ అంకె చెప్పింది.

"తోక కిందేనా?"

"కిందే."

"ఆహా! ప్రభువు దయ! నీ కడుపు చల్లగుండ!" ఆ సంతోషం ఫోను పగలగొట్టుకుని వచ్చేటట్టుంది. ఇది ఇంకా మొదటి అంచనాయే, అసలు లెక్క మిగిలే ఉన్నదన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ఎలాగూ రెండు రోజులలో అది కూడా తేలుతుంది గదా, తేడా ఉంటే అప్పుడే చెప్పవచ్చునని ఊరుకున్నది.

మరునాడు ఉదయం సంఘంవారు శుభాశుభాలు గుర్తించిన కొలబద్దను తెచ్చి, ఆమె చెప్పిన ఎత్తును దగ్గరలో ఉన్న ఎర్రని శుభరేఖ మీదికి జరిపారు. ప్రభువు ఎదుట అగరువత్తులు వెలిగించి, వాన్‌శీ అర్ధచంద్రాకారపు చెక్కల జంటను రెండు చేతుల నడుమ పట్టుకుని, ఎత్తు వినిపించి, నేల మీదికి జారవిడిచాడు. ఒక చెక్క చదును ముఖం పైకి, ఒకటి ఉబ్బు ముఖం పైకి పడింది: ప్రభువు ఔనన్నాడు. రెండవసారి, మూడవసారి కూడా అదే. వరుసగా మూడుసార్లు ఔనన్నదానికి ఇక తిరుగు లేదు. ఆనాటినుంచి అది బిచెన్ చెప్పిన ఎత్తు కాదు, ప్రభువు ఒప్పుకున్న ఎత్తు.

కార్యాలయంలో తొందర పని వచ్చిపడడంచేత రెండవ నడక రెండు రోజులలో కాలేదు. ఒక ఆదివారం తీరిక చేసుకుని ఆమె అసలు నియమాన్ని పెట్టబోయింది. పెట్టేముందు, అలవాటు చొప్పున, పాత ఫలితంలో సాంద్రత బొమ్మను తెరచి చూసింది. తెర అంతా ఒకే రంగు. వాకిటి గాలికీ, మంట నడిబొడ్డున ఉన్న గాలికీ ఒకే నీలం. అందులో వింత లేదు. అడ్డదారి పద్ధతిలో కంప్యూటరు సాంద్రతను మార్చనే మార్చదు. గాలిని పైకెత్తే బలాన్ని మాత్రం గీత ప్రకారం లెక్కగట్టి కలుపుతుంది. తప్పున్నా కంటికి కనబడకుండా దాగే చోటు అదే. ఆమె ఆ సంగతి ఎరుగును. ఎరిగి ఉండి కూడా, ఆ నీలం చూడగానే ఆమె కలం అందుకున్నది. కాగితం మీద చేత్తో లెక్క వేసింది.

మంట నడుమ గాలి వేడిమి, వేడి ఇక తగ్గలేని పరమశీతల స్థితి నుంచి లెక్కిస్తే, బయటి గాలి వేడిమికి మూడింతలు. నిజమైన వాయువైతే మూడింతల వేడికి మూడవ వంతు సాంద్రత మిగులుతుంది. ఎంత కాల్చినా ఎంతో కొంత మిగలక మానదు. తిన్నని గీతకు ఆ వివేకం లేదు. అది రెండింతల వేడి దగ్గరే సున్నాను తాకింది. తాకి ఆగలేదు, అవతలికి దిగిపోయింది. అక్కడి గాలి, గీత లెక్కన, సున్నా కన్నా పలచనిది. లోకంలో ఎక్కడా లేని గాలి. ఆ లేని గాలి, ఉన్న గాలికి మూడింతల బలంతో పొగను పైకి లాగి, ఆమెకు అంత అందమైన బొమ్మను చూపింది.

రెండవ నడక ఆ దినమంతా నడిచి కుదుటబడింది. కట్టలు కొద్దికొద్దిగా వేసినంతసేపు కొలిమి బాగానే లాగుతున్నది. జాతరనాటి లాగ నిండుగా నింపితే మాత్రం పొగగొట్టానికి ఆ బలం చాలడం లేదు. మంట దూలానికి తగిలి, వంగి, నాలుకలాగ నోటిలోంచి బయటికి వస్తున్నది. ఎంతవరకు వస్తున్నదని చూడనవసరం లేకపోయింది. నోటి ముందు నిలబెట్టిన మనిషి బొమ్మ మెడకు పైభాగమంతా ఎర్రబడి ఉన్నది.

గొట్టం ఎంత పెంచితే ఆ నాలుక లోపలికి పోతుందో కూడా చూసింది. డ్రాగన్ తోకను దాటి, ఇంకా పైకి పోవాలి.

ఆమె వాన్‌శీ దగ్గరకు వెళ్ళేనాటికి కొలిమి గోడలు లేచి, గొట్టానికి ఇటుకలు పేరుస్తున్నారు. అతడు నీడలో కుర్చీ వేసుకుని తమలపాకు నములుతున్నాడు.

"బాబాయ్, నేను చెప్పిన ఎత్తు తప్పు."

"తప్పేమిటే? ప్రభువు మూడుసార్లు ఒప్పుకున్నాడు."

"ఆయనకి నేను చెప్పిందే తప్పు. అది సగం లెక్క. మిగతా సగం చేశాక తెలిసింది. కొలిమి నిండుగా మండితే మంట నోట్లోంచి బయటికొస్తుంది. నాన్న మొహం మీదికే వస్తుంది."

వాన్‌శీ నమలడం ఆపాడు. అతడు మూర్ఖుడు కాడు. అడ్డగోలు మనిషీ కాడు. "నువ్వు తప్పు చెప్పావు, సరే. మనుషులం గదా. కానీ తప్పు చెబితే ప్రభువుకి తెలియదా? ఆయన కాదనుండేవాడుగా? ఔనన్నాడంటే, నీ తప్పుని ఆయన ఎక్కడో సర్దుకునే ఉంటాడు."

"గాలిని ఎవరూ సర్దలేరు బాబాయ్."

"మెల్లగా అను. గుడి వాకిట్లో ఉన్నాం." అతడు చుట్టూ చూశాడు. "అయినా తోకని మించిపోవాలంటున్నావు. ఊరంతా నన్ను నమిలేస్తారే! సరే, ఒక పని చెయ్. ఆయన్నే మళ్ళీ అడుగు. నేను కాదు, నువ్వు. ఔనంటే రేపే పైకి లేపిస్తాను. నాదేముంది?"

ఇంటికి వచ్చి ఆమె తండ్రితో చెప్పింది. త్యెన్‌లై వాకిట్లో పీట మీద కూర్చుని గుల్లల చిప్పలు విప్పుతున్నాడు.

"జాతరలో నువ్వు కొలిమి దగ్గర నిలబడకు నాన్నా. నా మాట విను."

"నేను కాకపోతే ఎవడు నిలబడతాడే?"

"ఎవరూ నిలబడకూడదు."

"చూడు, పడవ తిరగబడ్డ రోజున అలలన్నీ ఒక్కసారి మీద పడితే, ఆయన్ని తలుచుకున్నా. గట్టుకి చేర్చాడు. అంత చేసినవాడు ఇప్పుడు తన పొయ్యితో నన్ను కాలుస్తాడా? నీ లెక్కలో ఆయన ఉన్నాడా?"

"లేడు."

"మరందుకే తేడా వచ్చింది" అని అతడు హాయిగా నవ్వి, చిప్పల పని మీదికి వంగాడు.

ప్రభువును అడిగే ఉదయాన సంఘంవారే గాక, సంగతి విన్నవారు చాలామంది వచ్చారు. బిచెన్ మోకరిల్లి, ఆచారం ప్రకారం తన పేరూ, ఇంటి చిరునామా, పుట్టిన ఘడియా విన్నవించి, అందరికీ వినబడేలా అడిగింది: "పొగగొట్టం ఎత్తు పెంచడానికి అనుమతి ఇవ్వండి." చెక్కలు విడిచింది. రెండూ బోర్లా పడ్డాయి. కాదు.

మళ్ళీ అడిగింది. రెండు చదును ముఖాలూ పైకి పడి, ఊగి, ఆగాయి: అది ఔనూ కాదు, కాదూ కాదు.

"నవ్వుతున్నాడు" అన్నాడు వాన్‌శీ గుసగుసగా. అతని గుసగుస గుడి గోపురానికి వినబడింది.

మూడవసారి మళ్ళీ బోర్లా.

ఆలియెన్ జనంలోంచి ముందుకు వచ్చి ఆమె చెవి దగ్గర వంగింది. "అట్లా అడిగితే ఎవరొప్పుకుంటారే, పిచ్చిదానా? పెంచనా వద్దా అనకు. ఎంత పెంచమంటారూ అని అడుగు. మా అమ్మాయి పెళ్ళి సంబంధానికి నేను ప్రశ్న మార్చి మార్చి అడిగి ఒప్పించాను."

బిచెన్ ప్రశ్న మార్చింది. తోకకు సమానంగా ఉంచమంటారా అని అడిగింది. తోక దాటితే అపచారమని తలుస్తారా అని అడిగింది. తన తప్పుకు తనను శిక్షించి కొలిమిని పెంచనివ్వండని అడిగింది. చెక్కలు ఒకసారి నవ్వాయి, ఒకసారి కాదన్నాయి, మళ్ళీ నవ్వాయి. దేవుడు కాదంటున్నాడని ఆమెకు భయం వేయలేదు. చెక్కలు ఎలా పడతాయో ఆమెకు తెలుసు. కానీ ఆ పడినదానికి ఈ మనుషులందరూ కట్టుబడతారు. ఆ గుంపులో నోరు మెదపకుండా, చేతులు జోడించి నిలబడి ఉన్న తన తండ్రి అందరికంటె ముందు కట్టుబడతాడు.

అప్పుడు ఆమె అడిగింది: "గొట్టం మీరు ఒప్పుకున్న ఎత్తునే ఉంటుంది. కానీ కొలిమిలో ఒక్కసారికి ఒక్క కట్ట మాత్రమే వెయ్యాలి. అది బూడిదయ్యాకే ఇంకొకటి. జాతర నడిచినన్నాళ్ళూ నేనే నోటి ముందు నిలబడి చూసుకుంటాను. సమ్మతమేనా?"

ఔను. ఔను. ఔను.

జనం ఒక్కసారిగా ఊపిరి వదిలారు. వాన్‌శీ "ప్రభువు దయ!" అని చప్పట్లు చరిచి, సగంలో ఆగిపోయాడు. జాతరకు ఊళ్ళకు ఊళ్ళు వస్తాయి. అట్టపెట్టెలకు అట్టపెట్టెలు కాగితం మోసుకువస్తారు. అది ఒక్కొక్క కట్టగా మండడమంటే ఏమిటో అతని మనసుకు అప్పుడే తట్టింది. "ఇదేం తీర్పమ్మా!" అన్నాడు దీనంగా. ప్రభువు మాట కాదనే దారి అతనికీ లేదు.

జాతర వచ్చింది. బిచెన్ సెలవు పెట్టి, తలకు గుడ్డ చుట్టుకుని, పొడవైన పట్టకారు పట్టుకుని కొలిమి నోటి ముందు నిలబడింది. తండ్రిని దూరంగా, కట్టలు విడదీసే బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఒక కట్ట మంటలో పడుతుంది. అంచులు ముడుచుకుని, బంగారు పూత పచ్చగా మెరిసి, నల్లబడి, తెల్లని బూడిద అవుతుంది. అప్పుడు ఇంకొక కట్ట. వరుస వాకిలి చుట్టూ తిరిగి, గేటు దాటి, చేపల సంత దాకా పోయింది. ఎండలో నిలబడినవారి ఓపిక ఎంతసేపుంటుంది?

"కాగితం మాది, ప్రభువు మావాడు, మధ్యలో నువ్వెవత్తివే?"

"మీ ఇంట్లో అన్నం కూడా ఒక్కో మెతుకే వడ్డిస్తావా తల్లీ?"

"మా తాత పైలోకంలో ఈ డబ్బు కోసం చూస్తున్నాడు. నీ వల్ల అక్కడ పస్తులున్నాడు!"

అన్నిటికన్న ఆమెను కుంగదీసినవి ఈ తిట్లు కావు. కొలిమి చక్కగా లాగుతున్నది. పొగ గొట్టంలోంచి నిటారుగా లేచి, డ్రాగన్ తోక పక్కనుంచి సముద్రం వైపు సాగిపోతున్నది. ఒక్కొక్క కట్ట మంటకు ఆ గొట్టం చాలునని ఆమె లెక్కే చెప్పింది; కానీ చూసేవారికి కనబడేది ఆ తిన్నని పొగ ఒక్కటే.

"చూశావుగా, ఎంత బాగా పోతోందో" అన్నాడు వాన్‌శీ, ఎగతాళి లేకుండానే. "ఇంత భయం దేనికమ్మా? రాత్రంతా కూర్చుని ఏవేవో ఊహించుకుని నీ ఒళ్ళు నువ్వే పాడుచేసుకున్నావు."

జరగకుండా ఆపినదాన్ని జరిగి ఉండేదని ఎలా చూపడం? తిట్టేవారి ముఖాలను చూస్తూ, నిటారుగా లేస్తున్న ఆ పొగను చూస్తూ నిలబడిన బిచెన్‌లో, తనకే తెలియకుండా, ఒక నీచమైన కోరిక మొలకెత్తింది: ఒక్కసారి, ఎవరికీ ఏమీ కాకుండా, ఆ మంట నాలుక బయటికి వచ్చి వీరందరికీ కనబడితే బాగుండును. ఆ కోరికను గుర్తించి ఆమె సిగ్గుపడింది. సిగ్గుపడినంత మాత్రాన అది పోలేదు.

రెండవనాటి మధ్యాహ్నం ఆమె కళ్ళు పొగకు వాచి, చూపు మసకబారింది. త్యెన్‌లై బల్ల దగ్గరనుంచి లేచి వచ్చాడు.

"పోయి ఏదైనా తినవే. పొద్దున్నించీ నిలబడే ఉన్నావు."

"నువ్వు ఎక్కువ వెయ్యవుగా?"

"ఒక్కొక్కటేగా? నాకు తెలియదా?"

ఆమె పట్టకారు అతనికిచ్చి, మలుపులో ఉన్న ఆలియెన్ అంగడికి పోయింది. గంజి గిన్నె సగం అయ్యేసరికి గుడి వైపునుంచి కేక వినబడింది. ఒక్క గొంతు కాదు. చాలామంది ఒక్కసారి ఊపిరి పీల్చినట్టున్న కేక.

ఏమి జరిగిందో ఆమెకు తరువాత ఒకరొకరుగా చెప్పారు. మంచు ఫ్యాక్టరీ పనివారు తమ యజమాని తరఫున పెట్టెల నిండా కాగితం తెచ్చారు. వరుసలో వారి వెనుక జనం గొణుగుతున్నారు. "కొలిమి ఎంత బాగా లాగుతోందో చూస్తున్నావుగా అన్నా, ఈ ఒక్కసారికి కానిచ్చెయ్. ఆమె వచ్చేలోపు వరుస కాస్త కదులుతుంది" అని వాన్‌శీ అన్నాడు. త్యెన్‌లై ఒక్క క్షణం ప్రభువు వైపు చూసి, కట్టలను రెండు చేతులా ఎత్తి మంటలో వేశాడు. పనివారు మరికొంత వేశారు. అంతా ఒక్కసారిగా అంటుకుంది.

ఆమె పరుగున వచ్చేసరికి జనం వెనక్కు జరిగి, నడుమ ఖాళీ ఏర్పడి ఉన్నది. కొలిమి నోటి మీది దూలం కొత్తగా నల్లబడి ఉన్నది. నేలంతా నీళ్ళు. త్యెన్‌లై పీట మీద కూర్చుని, తడిగుడ్డను రెండు చేతులతో ముఖానికి అదుముకుని ఉన్నాడు.

నల్లబడిన ఆ దూలాన్ని చూసిన మొదటి క్షణంలో బిచెన్ మనసులో మెరిసినది భయం కాదు, దుఃఖం కాదు. నా లెక్క నిజం, అని మెరిసింది. తేలికగా, దాదాపు హాయిగా మెరిసింది. తండ్రి మీది ఆరాటం దాని వెనుక వచ్చింది. ఎంత వెనుకనో కొలవడానికి వీలులేనంత కొద్దిపాటి ఎడంలో, అయినా వెనుకనే వచ్చింది. ఆ ఎడం ఉన్నదని ఆమెకు తెలిసిపోయింది.

"నాన్నా, గుడ్డ తియ్. చూడనీ."

"ఏం లేదే. కాస్త దగ్గరికి వంగాను."

గుడ్డ తొలగించింది. నుదుటి మీది వెంట్రుకలు మసియై అంటుకుని ఉన్నాయి. ఎడమ చెంప ఎర్రగా ఉబ్బి పొక్కులు లేస్తున్నది. ఆ వైపు కన్ను మూసుకుపోయి, రెప్ప తెరవమంటే తెరవలేకపోతున్నాడు.

"అమ్మాయ్" అన్నాడు వాన్‌శీ. అతని గొంతు మొదటిసారిగా దగ్గరివారికి కూడా వినబడనంత సన్నగా ఉన్నది. "నేనే వెయ్యమన్నాను. అన్నది నేను. రేపే మళ్ళీ అడుగుదాం, ఏమంటాడో చూద్దాం... కాదు, అడగొద్దు, పెంచేద్దాం. తోక దాటనీ. నన్నే తిట్టుకోనీ."

ఆమె తండ్రి చేయి పట్టి లేవదీసింది. వాన్‌శీ కారులోనే ముగ్గురూ ఆసుపత్రికి పోయారు. గాయం కడిగి, మందు రాసి, కంటికి కట్టు కట్టిన డాక్టరు, వాపు తీస్తే గాని కన్ను సంగతి చెప్పలేనని అన్నాడు. ఆశ పెట్టుకోవచ్చునా అని వాన్‌శీ ఒకటికి రెండుసార్లు అడిగాడు. వాపు తీయనీండి అన్నాడు డాక్టరు.

వాన్‌శీ మందులు కొనడానికి పోయాడు. త్యెన్‌లై దిండు మీద తల ఆనించి, బాగున్న కంటితో కూతురి వైపు చూశాడు.

"నువ్వన్నావే, మంట బయటికి వస్తుందని. సరిగ్గా అట్లాగే వచ్చిందే. ముందు దూలానికి తగిలి, అక్కడ వంగి, ఆ తర్వాత నా మీదికి. నాలుకలాగానే!"

"మాట్లాడకు నాన్నా. చెంప లాగుతుంది."

"ఎక్కడిదాకా వస్తుందని వచ్చింది నీ లెక్కలో?"

"మెడ పైకి" అన్నది ఆమె.

త్యెన్‌లై కట్టు కింద నవ్వబోయాడు; నొప్పికి నవ్వు సగంలో ఆగింది. "మరి ఇంకేం! వెంట్రుకవాసి తప్పలేదు. రేపు నలుగురూ నా దగ్గరికి చూడ్డానికి వస్తారుగా, రానీ. నేనే చెబుతాను, మా అమ్మాయి ముందే చూసిందని."

ఆ గొంతులోని గర్వం కల్తీలేనిది. బిచెన్ పట్టుకుని ఉన్న అతని చేతిని దుప్పటి మీద మెల్లగా ఉంచి, లేచి, కిటికీ దగ్గరకు పోయి, అతనికి తన ముఖం కనబడకుండా నిలబడింది.